బీయే చదువుతూ బీయెస్సీ అని చెప్పినదాన్ని

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, రెండేళ్ళ కిందట ఇదే మైకు ముందు నిలబడి నేనొక సాక్ష్యం చెప్పాను, మీరందరూ చప్పట్లు కొట్టారు, కానీ ఆ సాక్ష్యం అబద్ధం. ఈ ముక్క ముందు చెప్పేస్తేగాని మిగతాది నా గొంతు దాటి రాదు. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు గనుక మొదటినుంచి చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

నా పేరు రూతు. మాది కొండాపురం దగ్గర ముంపు కాలనీ. గండికోట రిజర్వాయరు నీళ్ళు మా పాత ఊరిమీదికి వచ్చేటప్పటికి నేను బడికిపోయే పిల్లను. మా నాయన బేల్దారి పని చేస్తాడు, ఇళ్ళు కడతాడు. కూతురు కంప్యూటరు చదవాలి, నీడపట్టున పని చెయ్యాలి, అదొక్కటే ఆయన కోరిక. మా వీధిలో ఒకమ్మాయి బీయేలో చేరితే, "బీయే చదివితే ఏమొస్తాది, దానికన్నా ఇంట్లో ఉంటే మేలు" అని నా ముందే అన్నాడు. నాకేమో ఇంటర్లో లెక్కలు చుక్కలు చూపించాయి. పాతకాలం సంగతులంటే మాత్రం అన్నం కూడా మరిచిపోయేదాన్ని. నెట్ సెంటరులో కాలేజీ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఏ గ్రూపమ్మా అని అడిగితే, కంప్యూటర్సు అని చెప్పడానికే వెళ్ళినదాన్ని, హిస్టరీ అన్నాను. జమ్మలమడుగులో ఒక చిన్న డిగ్రీ కాలేజీలో సీటు వచ్చింది.

ఇంట్లో మెల్లగా చెబుదాములే అనుకున్నాను. కానీ మన సంఘంలో ఎవరికి సీటొచ్చినా ఆ ఆదివారమే లేచి సాక్ష్యం చెప్పాలి కదా, నాయన అప్పటికే కంప్యూటర్లో సీటొచ్చిందనుకుని పాస్టరు అయ్యగారికి చెప్పేశాడు, అయ్యగారు నన్ను పిలిచారు, నేను లేచి నిలబడి "ప్రభువు నాకు కంప్యూటరు బీయెస్సీలో సీటిచ్చాడు, దేవునికే మహిమ" అనేశాను. అయ్యగారు నా తలమీద చెయ్యి పెట్టి, "తండ్రీ, ఈ బిడ్డ చేతిలోకి రాబోయే కంప్యూటరును దీవించు" అని ప్రార్థించారు. మీరంతా ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

ఇక చూడండి నా అవస్థ. పాటలు కనబడే తెర ఆగిపోతే రూతును పిలవండి. ఫోను మొరాయిస్తే రూతును పిలవండి. ఒక అక్క ఫోను పట్టుకొచ్చి, "పాపా, మా ఆయన కువైట్ నుంచి చేస్తే మొకం తలకిందులు కనపడతాంది, నువ్వు కంప్యూటరు చదువుతాండావు గదా, చూడు" అంది. నేను ఫోను ఆపి, మళ్ళీ పెట్టి ఇచ్చాను. దేవుని దయవల్ల సరిపోయింది. తర్వాతి వారం ఇంకో ఇద్దరు ఫోన్లు తెచ్చారు.

కాలేజీలో మాత్రం నాకు పండుగే. మా క్లాసులో తొమ్మిదిమందిమి. ప్రొద్దుటూరు నుంచి వచ్చే నూర్జహాన్ మేడం చరిత్ర చెబుతుంటే గంట కొట్టినా లేవబుద్ధయ్యేది కాదు. సాయంత్రం తిరుగు బస్సెక్కగానే కడుపులో నొప్పి మొదలయ్యేది. అది పెరిగి పెరిగి ముద్ద దిగని స్థితికి వచ్చింది. నాయన పని మానుకుని ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు, స్కానింగులో ఏమీ లేదన్నారు. నా కడుపునొప్పి కోసం మీరు మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నారు. మీరు నాకోసం పస్తులున్నారని తెలిసి నా నొప్పి ఇంకా ఎక్కువైంది, ఎందుకంటే ఆ జబ్బేమిటో నాకొక్కదానికే తెలుసు.

రెండో సంవత్సరంలో మేడం మాకు ఒక ప్రాజెక్టు ఇచ్చింది. "రాజుల సంగతి పుస్తకాల్లో ఉండాది, మీ ఇంట్లో పెద్దోళ్ళ సంగతి ఎవురు రాస్తారు? పోయి అడిగి రాసుకోండి. రాసింది వాళ్ళకు మొదటి అక్షరం కాడనుంచి చదివి వినిపియ్యాల, సంతకం తీసుకోవాల" అంది. కాలనీలో ఎవరిని అడిగినా, మీ నాయన్నే అడుగు, పాత ఊళ్ళో సగం గోడలు ఆయన కట్టినవే అన్నారు. కానీ ఊరు మునిగినప్పటినుంచి నాయన దాని మాటే ఎత్తడు, ఎవరైనా ఎత్తితే లేచి బయటికి పోతాడు. అయినా ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, కాలేజీలో రాసుకురమ్మన్నారు నాయనా అని అడిగాను. లేచి బయటికి పోతాడనుకున్నాను, గడపలోనే కూర్చున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు, గుడి గోడకు రాయి యాడనుంచి తెచ్చినారు, మా జేజిని, అదే మా నాయనమ్మను, యాడ పూడ్చిపెట్టినారు, అన్నీ చెప్పాడు. పదహారు పేజీలు రాశాను.

ఇక సంతకం మిగిలింది. మొదటి పేజీలో పైన నా పేరు, నా గ్రూపు ఉన్నాయి. ఆ పేజీ మడిచి సంతకం తీసుకుందామనుకున్నాను, మడిచాను కూడా. మడిచిన కాగితం పక్కన పెట్టి వంటింట్లో మోకాళ్ళూని ఇలా ప్రార్థించాను: "ప్రభువా, నాయన మనసు విప్పి చెప్పింది కూడా నా అబద్ధంలో కలిపేస్తున్నాను. చదువు మాన్పించినా సరే, నాకు నోరియ్యి."

వెళ్ళి నాయన ఎదురుగా కూర్చుని మొదటి వరుస చదివాను: రూతు, బి.ఏ. చరిత్ర, రెండవ సంవత్సరం.

"ఏందీ?" అన్నాడు. మళ్ళీ చదివాను.

"కంప్యూటరు యాడికి పాయె?"

"దాంట్లో నేను చేరనే లేదు నాయనా. గుడిలో సాక్ష్యం కూడా అబద్ధమే చెప్పినా."

ఆయన లేచాడు. నా చదువు అయిపోయిందనుకున్నాను. కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, వచ్చి మళ్ళీ కూర్చుని, "మిగతాది సదువు" అన్నాడు. పదహారు పేజీలూ చదివాను. జేజి సమాధి దగ్గరికి వచ్చేసరికి మా నాయన ఏడ్చాడు. ఊరు ఖాళీ చేసిన రోజు కూడా ఏడవని మనిషి.

"మీ జేజి పేరు రాయల్యా నువ్వు. ఆ బండ మింద నేనే చెక్కినా. మరియమ్మ అని రాయి" అన్నాడు. రాశాను. సంతకం పెట్టాడు. పెట్టి, "ఇన్నేండ్లలో మన ఊరెట్లుండేదని నన్ను ఎవురూ అడగల్యా పాపా. ఆ సదువే సదువుకో. అయితే గుడిలో చెప్పిన అబద్ధం గుడిలోనే దించుకోవాల" అన్నాడు.

మరుసటి పొద్దున సంగటి ముద్ద తిని ఇంకొకటి అడిగాను. ఆ నొప్పి మళ్ళీ రాలేదు. సహోదరులారా, మీ ఉపవాసాలు వృథా పోలేదు, మీరు నా కడుపు కోసం అడిగారు, దేవుడు నొప్పి ఎక్కడ పుట్టిందో అక్కడ ముట్టాడు. మీ అందరినీ మోసం చేసినందుకు నన్ను క్షమించండి.

మా నాయన అదిగో, మూడో వరుసలో కూర్చున్నాడు. నిన్నటికి నిన్న పాత ఊరివాళ్ళు ముగ్గురిని ఆయనే ఇంటికి పిలుచుకొచ్చి, మా పాపకు చెప్పండప్పా అని కూర్చోబెట్టాడు. మీలో ఎవరైనా ఇంట్లో చెప్పలేని మాట ఒకటి లోపల పెట్టుకుని ముద్ద దిగక బాధపడుతుంటే, ముందు ప్రభువుతో చెప్పండి, ఆయన్ని నమ్మండి, తర్వాత లేచి వెళ్ళి ఇంట్లో చెప్పండి. నా తండ్రి తరిమేస్తాడనుకున్నాను, పదహారు పేజీలు కూర్చుని విన్నాడు. పరలోకంలో ఉన్న మన తండ్రి మనం చెప్పేది వినకుండా లేచి వెళ్ళిపోతాడా? ఆయనకే మహిమ కలుగును గాక. ఆమేన్.