మా ఫ్యాక్టరీలో స్వేచ్ఛకు మార్కులు

నవ్వనని ఒట్టేస్తేనే చెప్తా! మొన్న పనివాళ్లకు స్వేచ్ఛ ఇప్పించబోయి నేనే లోపల ఇరుక్కున్నాను.

నేను పనిచేసేది తాడిపత్రి దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో కదా, పర్సనెల్ ఆఫీసర్‌గా. ఇంకా ప్రొబేషనే. ఎంబీఏలో ఫజ్జీ లాజిక్ అని ఒకటి నేర్చుకున్నాను. మనవాళ్లను "ఈ పని వచ్చా?" అంటే అవుననరు, కాదనరు. "ఏదో, కొంచిం కొంచిం" అంటారు. ఆ కొంచాన్ని సున్నాకీ ఒకటికీ మధ్య అంకెగా మార్చే లెక్క అది. మన అనంతపురం కోసమే పుట్టినట్టుంటుంది!

అందరినీ అడిగి కంప్యూటర్‌కు ఎక్కించాను. ట్రైనింగ్ లేకుండా పక్కవాళ్లను చూసి నేర్చుకున్న పని: "బాగా ఎక్కువ". సొంతంగా నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ: "బాగా తక్కువ". ఓనరుకు చూపిస్తే ముఖం మాడిపోయింది.

"ఏమ్మా, నేనేమన్నా వాళ్ల చేతులు కట్టేసినానా? సరే, ఈ పొద్దు ఎవురూ నన్నడగొద్దండి. ఎవురికి వాళ్లే తేల్చుకోండి. సాయంత్రానికి మార్కులు పెరిగితే నీ ఉద్యోగం పర్మనెంటు!" అని కారెక్కి యాడికి అనే ఊళ్లో తన చేని దగ్గరికి వెళ్లిపోయాడు.

పర్మనెంటు! నేను పరుగున పోయి మిషన్ల దగ్గర పెద్దాయన మస్తానన్నకు చెప్పాను. "ఈ రోజంతా నిర్ణయం మీదే అన్నా!"

"నిజంగానా మేడం?"

"నిజంగా!"

మధ్యాహ్నం మబ్బు కమ్మింది. వాన! ఈ ఏడు మొదటి వాన, దబదబా! మస్తానన్న టక్కున మిషన్ ఆపేశాడు.

"ఏమన్నా, ఆపేసినారు?"

"పదును వాన మేడం, విత్తనానికి సరిపోయే వాన! ఇప్పుడే పోయి ఎద్దులు, విత్తే గొర్రు మాట్లాడుకోకుంటే రేపు ఎవురిస్తారు? శెనక్కాయ విత్తల్ల. నిర్ణయం మాదే అంటిరి గదా!"

ఆయన వెనకాలే అందరూ! ఇంకొకరైతే గుండెలు బాదుకునేవాళ్లు. నాకు మాత్రం పండగ. ఒక్కరూ అడగకుండా పోతున్నారే, ఇంతకన్నా స్వేచ్ఛ యాడుంటుంది! రూములోకి పరుగెత్తి ఒక్కొక్క పేరు ముందు "బాగా ఎక్కువ" కొడుతూ కూర్చున్నాను. మార్కులు పెరుగుతున్నాయి, నేను గాల్లో తేలుతున్నాను. సేవ్ చేసే లోపల కరెంటు పోయింది.

బయటికొస్తే పిట్ట లేదు. గేటుకు అవతల తాళం! వాచ్‌మన్‌కూ చేనుంది మరి. లోపల మనిషి ఉందని ఎవరికి గుర్తు?

ఓనరుకు ఫోన్ కొట్టాను. "సార్, లోపల ఇరుక్కున్నా. తాళం పగలగొట్టమంటారా?"

"నన్నెవురూ అడగొద్దని పొద్దున్నే చెప్తి గదమ్మా! నువ్వే తేల్చుకో. నాకీడ విత్తనాల పని ఉండాది." కట్!

సుత్తి తెచ్చాను. గేటు ఊచల్లోంచి చెయ్యి పెట్టాను. కొత్త తాళం. ఓనరు తాళం. నేను ప్రొబేషన్. సుత్తి కింద పెట్టేశాను. మళ్లీ ఎత్తాను. మళ్లీ పెట్టేశాను. చివరికి బండల మీద తడుస్తూ కూర్చున్నాను. వాచ్‌మన్ మరిచిపోయిన టిఫిన్ క్యారియర్ కోసం తిరిగి రాబట్టి సరిపోయింది!

విత్తనాలయ్యాక ఓనరు పిలిచాడు. పడీపడీ నవ్వుతున్నాడు.

"పనోళ్లందరికీ ఫుల్ మార్కులమ్మా, ఒప్పుకుంటాండా. ఫ్యాక్టరీ మొత్తంలో స్వేచ్ఛ రానిది నీకొక్కదానికే. ఇంకో ఆర్నెల్లు ప్రొబేషన్ పెంచేదా?"

నేనేమన్నానో తెలుసా?

"మీ ఇష్టం సార్!"