రెండోసారి చెప్పిన పాఠం

పోర్ట్ బ్లెయిర్‌లో మాకు కెమిస్ట్రీ చెప్పిన మేడమ్ రోజూ తుష్నాబాద్ నుంచి బస్సులో వచ్చేవారు. "నెమ్మది, బేటా" అనడం ఆవిడ అలవాటు. యాసిడ్ పోస్తున్నా, నోట్సు రాసుకుంటున్నా అదే మాట.

ఆ ఏడాది ఆవిడకి విశాఖపట్నంలో రీసెర్చి సీటొచ్చింది. వెళ్ళేముందు ఆఖరి పాఠంగా సోడియానికీ పొటాషియానికీ తేడా చూపించారు. మేమంతా కలిసి పెన్నిచ్చి వీడ్కోలు చెప్పాం. తీరా ఆవిడ ఎక్కాల్సిన విశాఖ ఓడ వెళ్ళిపోయిన మర్నాడు చూస్తే మేడమ్ ల్యాబ్‌లోనే ఉన్నారు. భర్త వద్దన్నాడట. ఆఫీసు దీదీ చెప్పింది.

"ఈరోజు సోడియం, పొటాషియం," అన్నారు.

"అయిపోయింది కదా మేడమ్?"

"మళ్ళీ చూద్దాం."

కిరసనాయిల్లోంచి సోడియం తీసి, బియ్యపు గింజంత ముక్క కోసి నీళ్ళలో వేశారు. అది చిన్న గోళీలా కరిగి, బుసబుసమంటూ నీళ్ళ మీద పరిగెత్తింది. అంతే ఉన్న పొటాషియం ముక్క మాత్రం నీళ్ళు తగలగానే లేత ఊదారంగు మంటతో అంటుకుంది.

"రెండిటికీ చివరి కక్ష్యలో ఒకటే ఎలక్ట్రాన్. పొటాషియంలో అది కేంద్రకానికి ఇంకా దూరంగా ఉంటుంది. పట్టు తక్కువ. అందుకే తొందరగా వెళ్ళిపోతుంది."

మంట ఆరిపోయాక కూడా మేడమ్ ఆ నీళ్ళకేసే చూస్తూ నిలబడ్డారు. ఆ రోజు ఎవర్నీ నెమ్మది అనలేదు.

ఆఖరి బెల్లు కొట్టారు. మేం పుస్తకాలు సర్దుకుంటుంటే ఆవిడ ఫోన్ మోగింది. "బస్సెక్కావా?" అని భర్త అడగడం ముందు బెంచీలో ఉన్న నాకు వినబడింది.

"లేదండీ. క్లాసింకా అవలేదు," అని ఫోన్ పెట్టేసి, మేడమ్ స్టూలు మీద కూర్చున్నారు.

మాలో ఒక్కరం కూడా లేవలేదు.