తొక్కు జాడీలో పెండ్లి గంటె

నా చిన్నప్పుడు మా ఊరి మొత్తానికి పసుపు ఉడకబెట్టే ఇనుప కడాయి ఒక్కటే ఉండేది. ఆర్మూరు నుంచి నందిపేట్ పోయే దారిలో మాది చిన్న ఊరు. ఆ కడాయి వంతుల ప్రకారం ఎడ్లబండి మీద చేను నుంచి చేనుకు తిరిగేది. వంతు వచ్చేసరికి పొయ్యికి గుంత తవ్వి, పక్కన కట్టెలు పేర్చి ఉండాలి. లేకపోతే కడాయి మన కోసం ఆగదు, పక్క చేనుకు వెళ్లిపోతుంది. తవ్విన పసుపు కూడా ఆగదు. కుప్పలోనే ముక్కిపోయిందంటే దాన్ని ఆర్మూరు మార్కెట్‌లో ఎవరూ ముట్టరు.

ఒక ఏడు మాకంటే ముందు వంతు ఉన్న ఇంట్లో ముసలాయన పోయాడు. మైలలో పసుపు ఉడకబెట్టరు కాబట్టి వాళ్ల వంతు మాకు వచ్చింది. మర్నాడు పొద్దున్నే కడాయి వస్తుందని కబురు. మా చేన్లో పసుపు తవ్వడం అయిపోయింది, కట్టెలు మాత్రం కొట్టలేదు. గట్ల మీద నరికిన తుమ్మ కొమ్మలు, పోయినేడు గాలివానకు పడిన వేపచెట్టు మొద్దు ఒకటి అలాగే పడి ఉన్నాయి. ఏడాది కష్టమంతా ఆ పసుపు కుప్పలో ఉంది.

మా బాపు ఆలోచించే మనిషి కాదు, పరుగెత్తే మనిషి. సైకిలేసుకుని ఆర్మూరు పోయి, తెలిసిన కట్టె కోత అడ్డాలో బతిమాలి, ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగే పెద్ద రంపం తెచ్చాడు. దాని పొడవు నా కంటే ఎక్కువ. ఊళ్లోకి వస్తుంటే అందరూ ఆగి చూశారు. బాపు ముఖంలో అప్పుడున్న ధీమా నాకింకా గుర్తుంది. మా ఇంటి చూరులో చిన్న చేతి రంపం ఉంది, పక్కింట్లో ఇంకొకటి ఉంది. ఆ పూట వాటి వైపు ఎవరూ చూడలేదు.

కొమ్మలూ మొద్దూ బండి మీద ఇంటి ముందుకు చేరాక, బాపు ఒక కొస, మా చిన్నాయన ఒక కొస పట్టారు. దుంగలు కోయడానికి చేసిన పళ్లు, సన్నటి తుమ్మ కొమ్మను కోయడం మాని పట్టి ఊపేవి. కొమ్మ దొర్లిపోయేది. దాన్ని తొక్కి పట్టడానికి మూడో మనిషి కావాల్సి వచ్చింది. ఆ మూడో మనిషి మా అమ్మ. ముళ్లు గీరుకుని ఆమె పిక్కలు ఎర్రబడ్డాయి. బాపు చిన్నాయనను తిట్టాడు, చిన్నాయన రంపాన్ని తిట్టాడు. మధ్యాహ్నానికి తెగిన కట్టెలు ఒక పూట వంటకు సరిపోతాయేమో, అంతే.

మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూసింది. వచ్చేపోయేవాళ్లు నిలబడి సలహాలు చెబుతుంటే ఆమె మాత్రం నోరు విప్పలేదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అనే మాట ఆమెకు తెలియక కాదు.

అన్నానికి కూర్చున్నాం. బయటివాళ్లు ఎవరూ లేరు. నాయనమ్మ అటక మీద నుంచి పెండ్లి గంటె దింపించింది. పెళ్లిళ్లలో గుండిగల్లో పప్పు కలిపే, మోచేతికంటే పొడవైన గంటె అది. దాన్ని పట్టుకుని వచ్చి బాపు ముందు కూర్చుని, మామిడికాయ తొక్కు జాడీలో పెట్టబోయింది. జాడీ మూతి పట్టలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. కాడతో గెలికింది. జాడీ ఒరిగి నూనె కారింది. ఆమె ముఖంలో నవ్వు లేదు.

"గా గంటెందుకే అవ్వా? చెంచ తీస్కోరాదు," అన్నాడు బాపు విసుగ్గా.

"పెద్దది గద కొడుకా, జల్ది అయితదనుకున్న," అంది నాయనమ్మ.

చిన్నాయనకు పొలమారింది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. బాపు తల దించుకుని కలిపిన అన్నం గబగబా తినేశాడు. నాకు నాయనమ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అంత దూరం నుంచి మోసుకొచ్చినవాణ్ని ఎగతాళి చేసిందనిపించింది.

బాపు చెయ్యి కడుక్కుని నేరుగా కట్టెల దగ్గరికి వెళ్లాడు. ఒక కొమ్మ మీద జాన పరిచి చూశాడు. లావు సగం జాన కూడా లేదు. పెద్ద రంపాన్ని గోడకు ఆనించి చూరులోని చిన్నది తీశాడు. చిన్నాయన పక్కింటి రంపం తెచ్చాడు. ఇద్దరూ చెరో కొమ్మ ముందేసుకుని కూర్చున్నారు. అమ్మకు ముళ్లు తొక్కే పని తప్పింది. పొద్దు వాలే వేళకు కొమ్మలన్నీ పొయ్యికి పట్టే ముక్కలయ్యాయి. వేపమొద్దు ఒక్కటే మిగిలింది.

అప్పుడు నాయనమ్మ అరుగు దిగింది. "ఇగ నీ పెద్ద రంపం తియ్యి కొడుకా. గీ మొద్దుకు గదే కావాలె," అంది. ఆ మాట మాత్రం చుట్టుపక్కల అందరికీ వినపడేలా అంది.

పొద్దున కడాయి వచ్చింది. వేపమొద్దు ముక్కలు సాయంత్రం దాకా నిలిచి మండాయి. పుల్ల గుచ్చితే పసుపు కొమ్ముల్లో మెత్తగా దిగింది. బాపు అందరికీ ఆ మొద్దు గురించే చెప్పుకున్నాడు.

ఇప్పుడు పసుపు బాయిలర్ ఆవిరితో ఉడుకుతోంది. కట్టెలు మాత్రం దానికీ కావాలి. మొన్న మా మనవడు నన్ను దవాఖానలో చూపించి, వచ్చేటప్పుడు ఆర్మూరులో చెయిన్ రంపాలమ్మే దుకాణం ముందు ఆపాడు. ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగు బ్లేడు ఉన్నదాన్ని రెండు చేతులా లేపి చూశాడు. దాని బరువుకు నడుం వంగింది. "మస్తుంది గద నాయనమ్మా!" అన్నాడు. ముఖంలో మా బాపు ధీమాయే. దుకాణం నిండా మనుషులున్నారు. మన ఇంట్లో ఉన్నవి తుమ్మ కొమ్మలేనన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది.

"ఆకలైతుంది బిడ్డా. తిన్నంక వచ్చి కొందాం," అన్నాను.

ఇంటికి వెళ్లాక పీట వేసుకుని, అటక మీది పెండ్లి గంటె దింపమని వాడికే చెప్పాను.