నా పార్సిల్‌లో మత్తుమందు దొరికిందన్నారు

ధవళేశ్వరంలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. రాజమండ్రి స్టూడియోల వాళ్లు ఫొటోలు పంపిస్తే, పేజీలు పేర్చి తిరిగి పంపడం నా పని. పాత లాప్‌టాప్ మొరాయిస్తుంటే, నాకు కావలసిన రకం ఇక్కడ దొరకక, సింగపూర్‌లోని ఓ ఆన్‌లైన్ దుకాణంలో కొన్నాను.

అత్తయ్యగారికి అది నచ్చలేదు. "రాజమండ్రిలో దొరకనిదేంటమ్మా అది?" అన్నారంతే. ఆవిడ మాట తక్కువ మనిషి. పెళ్లయిన ఇన్నేళ్లలో నాతో అవసరానికి మించి మాట్లాడిన గుర్తు లేదు.

పార్సిల్ మన దేశం చేరిందని మెసేజ్ వచ్చిన మర్నాడు, మావారు ఆఫీసుకు వెళ్లాక ఫోన్ మోగింది.

"మేడమ్, కస్టమ్స్ నుంచి. మీ పేరు మీద ఫారిన్ నుంచి పార్సిల్ వస్తోందా?"

"అవునండి, లాప్‌టాప్ అండి," అన్నాను సంతోషంగా.

"అందులో మత్తుమందు దొరికింది."

ఆ మాట చెవిన పడింది గానీ బుర్రకు ఎక్కలేదు. వెంటనే వీడియో కాల్. తెర మీద పోలీసు యూనిఫాంలో ఓ మనిషి, వెనక జెండా. "మీరు అరెస్టయ్యారు. గదిలోంచి కదలకూడదు. ఎవరితోనూ మాట్లాడకూడదు. బ్యాంకు ఖాతా వివరాలు చెప్పండి."

ఇలాంటి మోసాల గురించి పేపర్లో చదివాను. నమ్మినవాళ్లను చూసి ఆశ్చర్యపోయాను కూడా. కానీ నా పార్సిల్ నిజం కదా! అందుకే మిగతాదంతా నిజమే అనిపించింది. చెంపల మీద కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు.

అన్నానికి పిలవడానికి వచ్చిన అత్తయ్యగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏమైందమ్మా?"

"లోపలికి రావద్దని చెప్పు!" అని ఫోన్‌లోంచి అరుపు.

ఆవిడ వచ్చి నా పక్కనే కుర్చీ లాక్కుని, ఇద్దరం తెరలో పడేలా కూర్చున్నారు. "మా కోడలండి. ఏం చేసిందండి?"

అతను చెప్పాడు. ఆవిడ అంతా విన్నారు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఎప్పుడొస్తారు బాబూ? దాన్ని తీసుకెళ్తే నన్నూ తీసుకెళ్లండి. ఒక్కదాన్నే పంపను," అన్నారు.

"ముసలిదానా, నోర్మూసుకుని బయటికి పో!"

చటుక్కున ఫోన్ కట్ చేశాను. మోసమని తెలిసి కాదు. ఆవిడని అంత మాట అనడం భరించలేకపోయాను. ఆ తర్వాత ఇద్దరం వీధి తలుపు వైపు చూస్తూ, పోలీసు జీపు కోసం ఎదురుచూశాం. మావారికి ఫోన్ చేస్తే పరుగున వచ్చి, "వాళ్లు దొంగలే! వివరాలేమీ చెప్పలేదు కదా?" అని అడిగారు. లేదని తల ఊపాను.

రెండ్రోజులకు కొరియర్ ఆఫీసు నుంచి ఓ అమ్మాయి ఫోన్ చేసింది. "కస్టమ్స్ కోసం మీ గుర్తింపు కార్డు కావాలండి." నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేశాను. పత్రాలు ఇవ్వకపోతే పార్సిల్ వెనక్కి పోతుందని దుకాణం వాళ్లు రాసేసరికి, ఆ ఫోన్ అసలైనదేనని తెలిసి నిర్ఘాంతపోయాను. మావారే పత్రాలు పంపి, సుంకం కట్టి విడిపించారు.

పెట్టె ఇంటికొచ్చినా తెరవడానికి నాకు ధైర్యం చాలలేదు. అత్తయ్యగారే కూరల చాకుతో టేపు కోశారు. లాప్‌టాప్ పక్కన పెట్టి, అట్టముక్కలు ఒక్కొక్కటీ ఎత్తి, దులిపి చూశారు.

"ఏం వెతుకుతున్నారత్తయ్యగారూ? వాళ్లు దొంగలని ఆయన చెప్పారు కదా?"

"ఎందుకైనా మంచిదని."

"అంటే ఆ రోజు మీరూ నిజంగా పోలీసులే అనుకున్నారా?"

"అనుకున్నానమ్మా. నువ్వే ఏదో తెలియక తెప్పించుకున్నావేమో అని కూడా అనుకున్నాను," అన్నారు ఆవిడ, అట్టముక్కలు మళ్లీ పెట్టెలో సర్దుతూ.