జర్మనీ వంతు

తొంభైల చివర్లో గ్రూప్ వన్‌కు చదువుకునే మేం నలుగురం చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద కూర్చుని మొదటి ప్రపంచ యుద్ధాన్ని తలా ఒక దేశంగా పంచుకునేవాళ్లం. తన దేశం యుద్ధంలోకి ఎందుకు దిగక తప్పలేదో ఎవరి వంతు వాళ్లు అప్పజెప్పాలి. పొత్తులు, ఆయుధాల పోటీ, వలస రాజ్యాల ఆశ, పరువు. నాకు ఒళ్లు మండేది. ఏ దేశాన్ని అడిగినా తప్పు పక్క దేశానిదే! అశోక్‌నగర్ కోచింగ్‌లో సారు మాత్రం కారణాలు పేజీ నిండా రాయమనేవాడు. చచ్చినవాళ్లకు చివర్లో, ఫలితాల కింద, ఒక్క వాక్యం చాలట.

ఆ ఎండాకాలం కశ్మీరు కొండల్లో మన యుద్ధమే మొదలైంది. మాలో పెద్దవాడైన పాలమూరు అన్నకు ఒక్కడే తమ్ముడు, అక్కడ సిపాయి. వారాలుగా కబురు లేదు. ఒక పొద్దు జర్మనీ వంతు అన్నకొచ్చింది. తడబడకుండా కారణాలన్నీ అప్పజెప్పి, "అన్ని పాయింట్లు వచ్చినయా?" అని అడిగాడు.

"వచ్చినయన్నా," అన్నాను.

"మరి మా తమ్ముడు ఏ పాయింట్ల ఉన్నడు?"

అన్నే పుస్తకం మూసి అన్నాడు.

"కారణాలల్ల ఉండడులే. ఫలితాలల్ల వస్తడు."