పచ్చ దారం కట్టిన అప్పడాల కట్ట

అప్పడాల కట్ట విప్పగానే వచ్చే ఇంగువ వాసన ఎవరికైనా ఆకలి పుట్టిస్తుంది. నాకు మాత్రం ఉన్న ఆకలీ పోతుంది. మొన్న ఇక్కడ కువైట్‌లో, అబ్బాసియా వీధుల్లో సరుకులకు వెళ్ళినప్పుడు కొట్టతను నా ముందే ఒక కట్ట విప్పాడు. సంచి కింద పెట్టి గోడకు ఆనుకున్నాను. "బీపీనా అక్కా?" అని అడిగాడు పాపం. బీపీ కాదు నాయనా, శకుంతల మేడమ్ అంటే అతనికేం అర్థమవుతుంది?

శకుంతల మేడమ్ ఇదే కువైట్‌లో, హవల్లీ పేటలో నేను చదివిన రెండేళ్ళ కాలేజీలో విద్యార్థుల రికార్డులు చూసేవారు. ఒక్క పాఠమైనా చెప్పలేదు, అయినా నాకు గురువు ఆవిడే. అమలాపురం వైపు మనిషి. భర్త పోయాక ఒంటరిగా అబ్బాసియాలో మా భవనంలోనే పై అంతస్తులో ఉండేవారు. కోపం ముక్కు మీదే ఉండేది. మాది కడప జిల్లా. మా నాయన కింద వీధిలోనే దర్జీ. కాలేజీలో చేరే రోజున నేను టైపింగు, షార్ట్‌హ్యాండు నేర్పే కోర్సుకు ఫారం నింపుకుని వెళ్ళాను. రెండేళ్ళు ఓపిక పడితే ఆఫీసులన్నీ ఉండే షర్క్ పేటలో ఎక్కడో ఒకచోట ఫ్యాను కింద కుర్చీ దొరుకుతుందని నా ఆశ. ఆవిడ ఫారం చూసి, కనీసం సంతకం కూడా పెట్టకుండా నా వైపు తోసేసి, పక్కన ఇంకో కోర్సు ఫారం పెట్టారు.

"ఇదీ రెండేళ్ళే, అదీ రెండేళ్ళే. ఇది ఉద్యోగం గుమ్మం దగ్గర ఆగిపోతుందమ్మా. అది పట్టుకుని ఇంకో కాలేజీకి వెళ్తే అక్కడ లెక్కలోకి వస్తుంది. ఏది కావాలో ఇంటికెళ్ళి ఆలోచించుకురా."

ఆ రెండో కోర్సులో ఇంగ్లీషు, అకౌంట్స్, ఆర్థికశాస్త్రం ఉండేవి. ఒక్కో సబ్జెక్టుకి ఇన్ని క్రెడిట్లని ఉంటుందని, డిగ్రీ కాలేజీవాళ్ళు వాటిని ఒప్పుకుంటే అన్నీ మొదటి నుంచి చదవనక్కర్లేదని, టైపింగుని మాత్రం ఎవరూ ఒప్పుకోరని ఆవిడే వివరించారు. పైగా సర్టిఫికెట్ ఒక్కటే చాలదట. ఏ పాఠం చెప్పారో, ఎన్ని గంటలు చెప్పారో రాసి ముద్ర వేసిన కాగితాలు కూడా ఉండాలట. ఆవిడ కూడా సాయంత్రం తరగతులకు వచ్చి అదే కోర్సు చదువుతున్నారు. నలభై దాటాక ఎందుకు మేడం అంటే, డిగ్రీ చదవాలని పెళ్ళికి ముందు నుంచీ ఉందని చెప్పారు. నేను అకౌంట్స్ పుస్తకం ముందేసుకుని ఏడ్చిన రోజుల్లో ఆవిడని మనసులో తిట్టని తిట్టు లేదు.

ఇద్దరం చివరి పరీక్షలు రాశాం, పాసయ్యాం. కాగితాలు చేతికి వచ్చేలోపే ఇరాక్ సైన్యం వచ్చి పడింది.

ఆ రోజుల భయం ఎలా ఉండేదో ఎలా చెప్పను? నాయన కొట్టు షట్టరు దించేశాడు. అమ్మ కుక్కర్ కూత వేస్తే ఉలిక్కిపడేది. కువైట్ అనే దేశమే లేదు, ఇది ఇరాక్‌లో ఒక భాగం అని వాళ్ళు ప్రకటించారు. కువైట్ ముద్ర ఉన్న కాగితం కనిపిస్తే ఏం చేస్తారో తెలియక జనం చింపేవాళ్ళు చింపేశారు, దాచేవాళ్ళు దాచారు. అలాంటప్పుడు శకుంతల మేడమ్ ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా హవల్లీ వెళ్ళి, మూతపడిన కాలేజీ తాళం తీసి, నావీ తనవీ కాగితాలు చీర కుచ్చిళ్ళలో దోపుకుని వచ్చారు. మా ఇంట్లోకి వచ్చి కూలబడి, మిగతా పిల్లలవి తేలేకపోయానని వెక్కి వెక్కి ఏడ్చారు. ఆవిడ ఏడవగా చూడటం అదే మొదలు.

ప్రతి కాగితం కింద గుండ్రటి ముద్ర, అందులో కువైట్ పేరు. మర్నాడు బస్రా మీదుగా ఇరాక్ దాటించే బస్సులో మాకు చోటు దొరికింది. దారి పొడవునా సైనికుల తనిఖీలే. నేను నాయన కత్తెర తీసుకున్నాను.

"మేడం, ఈ ముద్ర ఒక్కటి కత్తిరిచ్చి పారేస్తే పోతాది కదా? నాకు శానా భయమైతాంది."

"ముద్ర పోతే ఇది పొట్లాలు కట్టుకునే కాగితం. నాకూ భయంగానే ఉంది. ఆ కత్తెర ఇటివ్వు."

వంటింట్లో ఉన్న రెండు అప్పడాల కట్టలు విప్పించారు. కాగితాలు నాలుగు మడతలు పెట్టి అప్పడాల మధ్య దూర్చి, మళ్ళీ గట్టిగా చుట్టారు. నావి ఉన్న కట్టకు నాయన పచ్చ దారం కట్టాడు, ఆవిడ కట్టకు తెల్ల దారం. రెండూ ఆవిడ సంచిలో పెట్టాం. అమ్మానాన్నలు బస్సు వెనక సీట్లో, మేమిద్దరం ముందు కూర్చున్నాం.

రెండు తనిఖీలు బాగానే దాటాం. మూడో చోట ఒక సైనికుడు బస్సెక్కాడు. గడ్డం మాసిపోయి, కళ్ళు లోపలికి పోయి, మాకంటే ఆకలిగా ఉన్నాడు. "అకల్, అకల్" అంటూ ప్రతి సంచీ వెతుకుతున్నాడు. తిండి కావాలి అతనికి. మా సంచిలోకి చెయ్యి పెట్టబోతుంటే శకుంతల మేడమ్ తన చెయ్యే ముందు పెట్టి, ఒక కట్ట తీసి ఇచ్చారు. తెల్ల దారం కట్ట. అతను అక్కడే పైన ఉన్న పచ్చి అప్పడం విరిచి నమిలి, మొహం చిట్లించాడు. పారేస్తాడనుకున్నా. లేదు, చంకలో పెట్టుకుని దిగిపోయాడు.

బస్సు కదిలింది. ఇంకో నాలుగు అప్పడాలు తీస్తే కాగితం బయటపడుతుంది. ప్రతి కాగితం మీదా ఆవిడ పేరు ఉంది. ఆవిడ నా వైపు తిరగకుండా, కిటికీలోకి చూస్తూ అన్నారు.

"వాళ్ళు వెనకాల వస్తే నువ్వు నన్ను ఎరగవు. అర్థమైందా?"

నేను తలూపాను. ఎవరూ రాలేదు. కానీ సరిహద్దు దాటేదాకా వెనక నుంచి ఏ బండి చప్పుడు వినిపించినా ఇద్దరం ఒకేసారి తల తిప్పి చూస్తూనే ఉన్నాం.

ఇంటికి చేరాక కడపలో ఒక డిగ్రీ కాలేజీకి వెళ్ళాను. గుమాస్తా కాగితాలు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇదేం వాసనమ్మా అన్నాడు. నూనె మరకల మధ్య గంటలన్నీ లెక్కపెట్టి, ముద్ర చూసి, నన్ను నేరుగా రెండో ఏడాదిలో కూర్చోబెట్టారు. శకుంతల మేడమ్ దగ్గర చూపించడానికి ఏమీ లేదు. హవల్లీ కాలేజీలో రికార్డులు మిగల్లేదు. ఆవిడ అమలాపురంలో పిల్లల మధ్య మొదటి ఏడాదిలో చేరి, మళ్ళీ అవే పాఠాలు చదివారు.

చాలా ఏళ్ళకు అమలాపురం వెళ్ళి, ఆ రోజు అలా ఎందుకు చేశారని అడిగాను.

"చేతికి అందింది ఇచ్చానమ్మా. అంత భయంలో ఏది ఎవరిదో ఎవరు చూస్తారు?" అంటూ లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళిపోయారు.

ఎవరు చూస్తారని నేనూ నవ్వేశాను. కానీ చేతికి అందేలా సంచిలో పైన ఉన్నది నా కట్టే. ఆవిడ వేళ్ళు పచ్చ దారాన్ని పక్కకు జరిపి, అడుగున తడుముకోవడం నేను చూశాను. చూసి, హమ్మయ్య అనుకున్నాను. ఇంగువ వాసన వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆ సైనికుడు కాదు, ఆ హమ్మయ్యే.