రెండు పైకి, ఒకటి కిందికి
మా ఆయన రఫూ పని చేస్తారు. చిరిగిన చోట ఆ గుడ్డలోంచే పోగులు తీసి, అసలు నేతలో కలిసిపోయేలా అల్లుతారు. దాన్ని అతుకు అంటే ఆయనకి ఒళ్లు మండుతుంది. పనయ్యాక బట్టని బల్ల మీద పరిచి, "ఎక్కడ చిరిగిందో కనుక్కోండి చూద్దాం" అంటారు. ముప్పై ఏళ్లలో ఒక్కరూ కనుక్కోలేదు. ఆ సంబరం చూడటానికే నేను వంట ముగించుకుని కొట్లోకి వచ్చి కూర్చునేదాన్ని.

ఫోను కొన్నాక దాన్ని కత్తెర పక్కనే పెట్టుకునేవారు. నాలుగు పోగులు అల్లడం, ఓసారి చూడటం. చూడనప్పుడూ బొటనవేలు ఊరుకునేది కాదు. గుడ్డ మీద పైకి తోస్తూ ఉండేది. "ఏం వెతుకుతున్నారండీ అక్కడ?" అని అడిగితే ఆ వేలిని ఎవరిదో అన్నట్టు చూసుకునేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని గానీ లోపల గుబులుగా ఉండేది.

ఒకరోజు చూపు లేని ఒక పెద్దావిడ, పోయిన భర్త కోటు పట్టుకొచ్చింది. ఎడమ భుజం దగ్గర పురుగు కొట్టి చిల్లు పడింది.

"ఈ భుజం మీద చెయ్యేసుకునే నలభై ఏళ్లు నడిచాను నాయనా. ఇప్పుడు చెయ్యేస్తే వేలు లోపలికి పోతోంది" అంది.

వారం తర్వాత ఆవిడ వచ్చినప్పుడు మా ఆయన అలవాటు చొప్పున కనుక్కోమన్నారు. ఆవిడ వేలు తిన్నగా వెళ్లి ఆగింది.

"ఇక్కడ ఉన్నావు" అంది. వేలు కాస్త జరిపింది. "ఇక్కడ లేవు. మళ్లీ వచ్చావు. ఇదిగో, మళ్లీ వెళ్లిపోయావు."

"నేను కుర్చీలోంచి లేవలేదమ్మా."

నిజమే, లేవలేదు. నేను ఎదురుగానే ఉన్నాను.

"అయితే ఎక్కడికి వెళ్లావు?" అంది ఆవిడ. కోపంతో కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

కోటు ఉంచుకుని ఆవిడని పంపించి, భూతద్దం పెట్టి చూశాం. ఆరు పోగులు సరిగ్గా, తర్వాత ఒకటి తప్పు. నాలుగు సరిగ్గా, ఒకటి తప్పు. చివరికొచ్చేసరికి వరసగా రెండు కూడా సరిగ్గా లేవు. ఆయన మొహం పాలిపోయింది.

అంతా విప్పి మళ్లీ అల్లాలి. కోటు లోపలి మడతలో మిగిలిన పోగులు ఒక్కసారికే వస్తాయి. ఈసారి తప్పితే ఆ భుజం ఇక ఆవిడకి దక్కదు.

"నన్ను నేను నమ్ముకోలేనే" అన్నారాయన. "ఈ నేత వరస వరసకీ మారుతుంది. నువ్వు చూసి చెప్పు. నువ్వు చెప్పినట్టే పొడుస్తాను."

ఫోను తీసి నా ఒళ్లో పెట్టారు. నేనెంత మురిసిపోయానో చెప్పలేను. పెళ్లయిన కొత్తలో మేం అలాగే పని చేసేవాళ్లం.

మధ్యాహ్నం మొదలుపెట్టాం. నేను భూతద్దంలో చూస్తూ "రెండు పైకి, ఒకటి కిందికి" అంటుంటే సూది నా మాట వెంటే నడిచింది. ఆయన బొటనవేలు కదలనే లేదు. అంతలో ఒళ్లో ఫోను గుర్రుమంది. ఎవరో చూసి పక్కన పెట్టేద్దామనుకున్నాను. తెర మీద ఏదో వీడియో, ఎవరో మురికి తివాచీ కడుగుతున్నారు. నల్లనీళ్లు పోతుంటే అడుగునుంచి పువ్వులు తేలుతున్నాయి. తర్వాత ఇంకెవరో తుప్పుపట్టిన తాళం బాగుచేస్తున్నారు.

కొట్లో ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది. ఎవరొచ్చారా అనుకున్నాను, తల ఎత్తకుండానే. "ఒకటి పైకి, రెండు కిందికి" అంటోంది నిదానంగా, ఎక్కడా తడుముకోకుండా. చాలాసేపటి నుంచి అంటున్నట్టే ఉంది. అది నా గొంతే అని తెలిసేసరికి ఒళ్లు జలదరించింది. ఆపాలనుకున్నాక కూడా ఇంకో వరస చెప్పి గానీ నా నోరు ఆగలేదు.

భూతద్దం బల్ల మీద బోర్లా పడి ఉంది. ఎప్పుడు దించానో తెలియదు. చిల్లు దాదాపు పూడిపోయింది. ఆఖరి పోగు సూదిలో ఉంది.

"ఆపావేం? చెప్పు" అన్నారాయన. గుడ్డ మీంచి చూపు తిప్పలేదు. ఎన్నాళ్లకో ఆయన మొహం తేటగా ఉంది. "ఈసారి ఒక్కటీ తప్పలేదే. నువ్వు ఎలా చెబితే అలాగే అల్లాను."